టౌన్‌షిప్‌లో స్కూలు స్థలాన్ని కమర్షియల్‌గా మార్చమంటున్నారు, ఒప్పుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. తొమ్మిది వందల ఇళ్ల ప్లాన్డ్ టౌన్‌షిప్. మెయిన్ గేటు పక్కన మూడు ఎకరాలు స్కూలు కోసమని ఆమోదించిన ప్లాన్‌లో చూపించారు. పన్నెండేళ్లయినా స్కూలు రాలేదు. ఇప్పుడు ఆ స్థలం యజమాని దాన్ని కమర్షియల్ జోన్‌లోకి మార్పించి షాపులు, క్లినిక్, కొన్ని ఆఫీసులు కడతానంటున్నాడు. ప్లానింగ్ సంస్థ జోన్ మార్చేస్తే ఇక ఎవరూ అడ్డుచెప్పలేరని, కమిటీ సంతకం పెడితే పని తొందరగా అవుతుందని అంటున్నాడు. కమిటీలో సగం మంది సరే అంటున్నారు, సగం మంది వద్దంటున్నారు. ఒప్పుకోవచ్చా, ఇదంతా జరగడానికి ఎంతకాలం పడుతుంది అన్నది మీ ప్రశ్న.

ముందు సూటిగా జవాబు చెబుతాను. మార్చవచ్చు. చాలాచోట్ల మారుస్తారు, కొన్నిచోట్ల మార్చడమే మంచిది కూడా. కానీ జోన్ ఒక్కటి మారితే అంతా అయిపోయినట్టేనని ఆయన చెప్పేది సరికాదు. అంతకన్నా ముఖ్యం, "కమర్షియల్" అన్న ఒక్క మాట చూసి సంతకం పెట్టకండి. అక్కడ ఏయే వ్యాపారాలు ఉండవచ్చు, ఎంత విస్తీర్ణం, ఎంత ఎత్తు, సరుకుల లారీ ఏ దారిన వస్తుంది, స్కూలు అవసరం ఎలా తీరుతుంది, ఇవన్నీ ఉత్తర్వులోనే రాయించుకోగలిగితే ఒప్పుకోండి. అంతవరకు ఆగండి.

నేను ఈ పనిలో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను. మొదట్లో ఇలాంటి దరఖాస్తులను పరిశీలించే వైపు పనిచేశాను, తర్వాత తయారుచేసే వైపుకు వచ్చాను. నియమాల పేర్లు, గడువులు ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటాయి కాబట్టి ఎక్కడైనా వర్తించే సంగతులే రాస్తున్నాను.

మారాల్సినవి మూడు కాగితాలు

మొదటిది ఊరి మొత్తానికి వేసిన మాస్టర్ ప్లాన్, దానితో వచ్చే జోనింగ్ మ్యాప్, అంటే ఏ స్థలాన్ని దేనికి వాడవచ్చో రంగులతో చూపే పటం. యజమాని మాట్లాడుతున్నది దీని గురించే. రెండోది మీ టౌన్‌షిప్‌కు ప్రత్యేకంగా ఆమోదించిన ప్లాన్, దాని షరతులు. మూడోది మీ సేల్ డీడ్‌లు, అసోసియేషన్ నియమావళి. మొదటి రెండూ ప్రభుత్వం చేతిలో ఉంటాయి. మూడోది మీకూ అమ్మినవాళ్లకూ, మీలో మీకూ మధ్య ఉన్న ఒప్పందం. సాధారణంగా జోన్ మారినంత మాత్రాన ఆ ఒప్పందం రద్దు కాదు.

ఈ మూడోదాన్ని ఎవరూ చూడరు. నేను చూసిన ఒక టౌన్‌షిప్‌లో జోన్ మార్పు వచ్చింది, బిల్డింగ్ ప్లాన్ వచ్చింది, పునాదులు కూడా తీశారు. అప్పుడు ఒక ఇంటి యజమానురాలు తన సేల్ డీడ్ తీసుకుని కోర్టుకు వెళ్లారు. "ఈ లేఅవుట్‌లోని స్థలాలన్నీ ప్లాన్‌లో చూపిన అవసరాలకే వాడాలి" అన్న ఒక్క వాక్యం అందులో ఉంది. అదే వాక్యం అందరి డీడ్‌లలోనూ ఉంది, కానీ ఎవరూ పట్టించుకోలేదు. పని ఆగిపోయింది. గోతుల్లో నీళ్లు నిలిచి, చుట్టూ రేకుల కంచెతో అది ఏళ్లపాటు అలాగే ఉండిపోయింది. ఆ దరఖాస్తు తయారీలో నేనూ ఉన్నాను, డీడ్‌లు అడిగి చూడాల్సింది. అప్పటి నుంచి ఎవరు వచ్చినా నేను మొదట అడిగేది సేల్ డీడే. మీరు కూడా వేర్వేరు దశల్లో అమ్మిన ఇళ్ల డీడ్‌లు నాలుగైదు తెప్పించి పక్కపక్కన పెట్టి చదవండి. నియమావళి సవరణకు ఎంతమంది ఓటు వేయాలో కూడా చూడండి. చాలా నియమావళుల్లో మామూలు మెజారిటీ సరిపోదు. కమిటీ సంతకం అందరి సమ్మతితో సమానం కాకపోవచ్చు.

రెండో కాగితం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ప్లాన్డ్ టౌన్‌షిప్‌కూ మామూలు వీధికీ తేడా అక్కడే ఉంది. మామూలు చోట జోన్ అంటే ఏం కట్టవచ్చో చెప్పే ఒక జాబితా. ప్లాన్డ్ టౌన్‌షిప్‌లో ఆమోదించిన ప్లానే నియమం. ఇన్ని ఇళ్లు కట్టుకోవచ్చు, బదులుగా ఇంత ఖాళీ స్థలం, ఇంత స్కూలు స్థలం, ఇంత దుకాణాల స్థలం ఇవ్వాలి అని మొత్తాన్ని ఒకే లెక్కగా చూసి అనుమతి ఇస్తారు. అమెరికాలో రెస్టన్, కొలంబియా అనే కొత్త పట్టణాల కోసం 1960లలో అక్కడి కౌంటీలు ప్రత్యేక జోనింగ్ నియమాలే తెచ్చాయి. ఒక్కో స్థలాన్ని విడిగా కాకుండా పట్టణం మొత్తాన్ని ఒక యూనిట్‌గా చూడటం వాటి ఉద్దేశం. కాబట్టి మీ మూడు ఎకరాలు స్కూలు రాక మిగిలిపోయిన స్థలం అనుకోవద్దు. తొమ్మిది వందల ఇళ్లకు అనుమతి ఇచ్చేటప్పుడు బిల్డర్ ఒప్పుకున్న బాధ్యతల్లో అది ఒకటి. ఆ బాధ్యత నుంచి విడిపించమని ఇప్పుడు అడుగుతున్నారు. విడిపించవచ్చు, కానీ దానికి బదులు ఏం వస్తుందో అడిగే హక్కు మీకు ఉంది.

ఆ హక్కు కోర్టుల్లో నిలబడిన సందర్భాలున్నాయి. బెంగళూరులో ఒక లేఅవుట్‌లో పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇచ్చారు. స్థానికులు కోర్టుకు వెళ్లారు. వాళ్లకు అడిగే హక్కే లేదన్న వాదనను భారత సుప్రీంకోర్టు 1991లో తోసిపుచ్చి, కేటాయింపు చెల్లదని చెప్పింది. ఆసుపత్రి మంచిదే కదా అన్న వాదన కూడా నిలబడలేదు. ఒక అవసరానికి ఉంచిన స్థలాన్ని ఇంకో మంచి అవసరం పేరు చెప్పి తీసుకోవడం కుదరదని ఆ తీర్పు చదివితే స్పష్టంగా తెలుస్తుంది. అమెరికాలో ఒరెగాన్ సుప్రీంకోర్టు 1973లో ఫసానో కేసులో ఇంకో సూత్రం చెప్పింది. ఒక్క స్థలానికి జోన్ మార్చమని అడిగేవాడే ఆ మార్పు ప్రజలకు ఎందుకు అవసరమో, అందుకు ఈ స్థలమే ఎందుకు తగినదో రుజువు చేయాలి. మార్పు ఎంత పెద్దదైతే రుజువు అంత బలంగా ఉండాలి. ఇవి వేర్వేరు దేశాల తీర్పులు, మీకు నేరుగా వర్తించకపోవచ్చు. కానీ ఒక యజమాని లాభం కోసం జోనింగ్ మ్యాప్‌లో ఒక్క స్థలం రంగు మారిస్తే కోర్టులు అనుమానంగా చూడటం చాలాచోట్ల ఉన్నదే. యజమాని లాయరుకు కూడా ఇది తెలిసే ఉంటుంది. మీ కమిటీ సంతకం ఆయనకు ఎందుకంత అవసరమో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

బ్రోచర్ చూడకండి, గరిష్ఠం లెక్క వేయండి

యజమాని చూపించిన బొమ్మలో చెట్లు, రెండంతస్తుల షాపులు, బయట కుర్చీలు ఉండే ఉంటాయి. ఆ బొమ్మకు చట్టంలో విలువ లేదు. జోన్ మారాక చెల్లేది ఆ జోన్‌లో రాసి ఉన్నదంతా.

ఉదాహరణకు లెక్క వేద్దాం. మూడు ఎకరాలంటే సుమారు 12,140 చదరపు మీటర్లు. ఆ కమర్షియల్ జోన్‌లో ఎఫ్‌ఏఆర్ 2 అనుకుందాం, అంటే స్థలానికి రెట్టింపు ఫ్లోర్ ఏరియా కట్టుకోవచ్చు. మొత్తం 24,280 చదరపు మీటర్లు. బ్రోచర్‌లో ఉన్నది 4,000 అనుకుంటే, అనుమతి దానికి ఆరు రెట్లు. 50 చదరపు మీటర్లకు ఒక కారు చొప్పున పార్కింగ్ లెక్క కడితే దాదాపు 485 కార్లు. ఒక కారు నిలవడానికి, తిరగడానికి కలిపి 25 నుంచి 30 చదరపు మీటర్లు కావాలి. 25తో లెక్కవేసినా 12,125 చదరపు మీటర్లు, అంటే స్థలం మొత్తం పార్కింగ్‌కే సరిపోతుంది. కింద సెల్లార్లు తవ్వాలి, లేదా కార్లు మీ గేటు ముందు నిలవాలి. మీ ఊరి నియమాల్లో ఎఫ్‌ఏఆర్, పార్కింగ్ అంకెలు వేరుగా ఉంటాయి. వాటితో ఇదే లెక్క వేసి తర్వాతి మీటింగులో పెట్టండి. సరే అనేవాళ్లూ వద్దనేవాళ్లూ అప్పుడు ఒకే విషయం గురించి మాట్లాడుకుంటారు.

వాడకాల సంగతీ అంతే. ఒకచోట కమిటీ ఒక మందుల షాపు, కూరగాయల షాపు, పిల్లల డాక్టరు వస్తారని నమ్మి నిరభ్యంతర పత్రం ఇచ్చింది. చెప్పిన మనిషి నిజాయితీగానే చెప్పాడు. తర్వాత ఆయనకు డబ్బు ఇబ్బంది వచ్చి స్థలం అమ్మేశాడు. కొన్నవాళ్లు అక్కడ పెట్రోల్ బంకు పెట్టారు. ఆ జోన్‌లో బంకుకు అనుమతి ఉంది. ఎదురింటివాళ్లు ఏమీ చేయలేకపోయారు. మాట ఇచ్చిన మనిషి మంచివాడా కాదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. జోన్ భూమితోపాటు ఉంటుంది, మాట మనిషితోపాటు వెళ్లిపోతుంది.

అందుకే సాధారణ కమర్షియల్ జోన్‌కు ఒప్పుకోకుండా, మీ టౌన్‌షిప్ ప్లాన్‌కే పరిమిత సవరణ అడగండి. ప్లాన్‌లో "స్కూలు" అని ఉన్నచోట "స్థానిక అవసరాల దుకాణాలు, షరతులతో" అని వచ్చి, షరతులన్నీ జత చేసిన పేజీలో ఉండాలి. అనుమతించిన వాడకాల జాబితా రాయించండి, జాబితాలో లేనిది కుదరదని కూడా రాయించండి. మొత్తం ఫ్లోర్ ఏరియా గరిష్ఠ పరిమితి, ఎత్తు, ఇళ్ల వైపు వదలాల్సిన ఖాళీ మీటర్లలో ఉండాలి. "తగినంత", "సాధ్యమైనంత" లాంటి మాటలు ఎక్కడ కనిపించినా అంకె అడగండి. ఆ షరతుల పత్రం రిజిస్టర్ అయి, తర్వాత కొనేవాళ్లకూ వర్తించేలా ఉండాలి. ఇన్నేళ్లలో పని మొదలుపెట్టకపోతే పాత వాడకానికే తిరిగి వెళ్లాలన్న షరతు కూడా కొన్నిచోట్ల పెట్టనిస్తారు. పెట్టనిస్తే తప్పకుండా పెట్టించండి. జోన్ మార్పించుకుని, రేటు పెరిగాక అమ్మేసి వెళ్లిపోవాలనుకునేవాళ్లు ఆ షరతు వినగానే వెనక్కి తగ్గడం నేను చూశాను.

స్కూలు నిజంగా అక్కర్లేదా?

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. పన్నెండేళ్లుగా రాలేదు కాబట్టి అవసరం లేదని అనేస్తారు. అమెరికన్ ప్లానర్ క్లారెన్స్ పెరీ 1929లో నైబర్‌హుడ్ యూనిట్ అన్న ఆలోచనను రాసినప్పుడు, ఒక ప్రాథమిక పాఠశాలకు సరిపడా జనాభా ఎంతో దాన్నే ఒక వాడ పరిమాణంగా తీసుకున్నాడు. స్కూలు మధ్యలో, పిల్లలు పెద్ద రోడ్డు దాటకుండా నడిచి వెళ్లే దూరంలో, అంటే సుమారు 400 మీటర్లలో. ఆ తర్వాత ప్రపంచమంతా వచ్చిన ఎన్నో టౌన్‌షిప్‌ల లెక్కల్లో ఆ ఆలోచన ఉంది. స్కూలును అలంకారంగా ఎవరూ పెట్టలేదు.

స్కూలు ఎందుకు రాలేదో కనుక్కోండి. ఏ విద్యా సంస్థకైనా నిజంగా ఇవ్వజూపారా, ఎంత రేటు అడిగారు, ఉత్తరాలు ఉన్నాయా? ఒకచోట యజమాని మొదటి నుంచీ కమర్షియల్ రేటే అడుగుతూ వచ్చాడు. ఏ స్కూలూ అంత పెట్టలేదు. చివరికి "ఎవరూ ముందుకు రాలేదు" అని దరఖాస్తులో రాశాడు. మీరు పిల్లల లెక్క కూడా తీయండి. తొమ్మిది వందల ఇళ్లలో ఏ వయసు పిల్లలు ఎంతమంది, ఎక్కడికి వెళ్తున్నారు, రోజూ ఎంతసేపు బస్సులో ఉంటున్నారు. కొత్త టౌన్‌షిప్‌లో చిన్న కుటుంబాలు దాదాపు ఒకేసారి దిగుతాయి, కాబట్టి పిల్లల సంఖ్య ఒక్కసారిగా పెరిగి, వాళ్లు పెద్దయ్యాక తగ్గుతుంది. ఇళ్లు చేతులు మారడం మొదలయ్యాక మళ్లీ పెరుగుతుంది. ఇవాళ తక్కువ ఉన్నారని స్థలం శాశ్వతంగా వదులుకుంటే ఆ రెండో విడత పిల్లలకు చోటుండదు.

మొత్తం ఇవ్వడం, మొత్తం ఆపడం అన్న రెండు దారులే లేవు. ఒక ఎకరం చిన్న పిల్లల స్కూలుకో, ఆట స్థలానికో అసోసియేషన్ పేరున రాయించుకుని మిగతాదానికి ఒప్పుకోవచ్చు. దగ్గర్లో ఆయనకు ఇంకో స్థలం ఉంటే మార్పిడి అడగవచ్చు. నేనైతే మీ స్థానంలో ఎకరం గురించే గట్టిగా పట్టుబడతాను.

గేటు పక్కన దుకాణాలు నడుస్తాయా?

వద్దనే సగం మందికి ఈ మాట. ఇళ్లు మాత్రమే ఉన్న టౌన్‌షిప్‌లో పాలప్యాకెట్‌కు కూడా బండి తీయాలి. ముసలివాళ్లు, డ్రైవింగ్ రానివాళ్లు ఇంకొకరి మీద ఆధారపడాలి. నడిచి వెళ్లే దూరంలో నాలుగు షాపులు, ఒక క్లినిక్ ఉంటే వాళ్ల రోజు ఎంత మారుతుందో నేను కళ్లారా చూశాను. దుకాణాలను శత్రువుల్లా చూడకండి.

చోటు విషయంలో మీ స్థలం అనుకూలంగానే ఉంది. పెరీ దుకాణాలను వాడ మధ్యలో పెట్టలేదు. అంచున, రోడ్లు కలిసేచోట, పక్క వాడ దుకాణాలకు ఆనుకుని పెట్టమన్నాడు. బయటి బళ్లు ఇళ్ల మధ్యకు రావు, రెండు వాడల గిరాకీ దొరుకుతుంది. పైన చెప్పిన అమెరికా పట్టణం కొలంబియాలో దీనికి భిన్నంగా చేశారు. అక్కడి విలేజ్ సెంటర్లను, అంటే దుకాణాల సముదాయాలను, ఇళ్ల మధ్యలో, అక్కడి నివాసితుల కోసమే పెట్టారు. ఆలోచన అందమైనదే. కానీ తర్వాత పెద్ద రోడ్ల పక్కన పెద్ద స్టోర్లు వచ్చేసరికి కొన్ని సెంటర్లు బాగా దెబ్బతిన్నాయి. మొట్టమొదటిదైన వైల్డ్ లేక్ సెంటర్‌లో సూపర్‌మార్కెట్ 2006లో మూతపడింది. తర్వాత దాన్ని అపార్ట్‌మెంట్లు కలిపి కొత్తగా కట్టాల్సివచ్చింది. అందుకని మీ ప్లాన్‌లో ముందే కేటాయించిన దుకాణాల స్థలం ఇంకెక్కడైనా ఉందా, అది నిండిందా అని చూడండి. అది సగం ఖాళీగా ఉండగా ఇక్కడ ఇంకో కాంప్లెక్స్ వస్తే రెండూ నడవవు.

ట్రాఫిక్, శబ్దం, వాసన గురించి అందరూ మాట్లాడతారు కాబట్టి నేను రెండు మాటలతో ఆపుతాను. ట్రాఫిక్ స్టడీ సెలవు రోజుల్లో చేయించి ఉంటే ఒప్పుకోకండి. సాయంత్రం రద్దీ గంటలో, స్కూళ్లు, ఆఫీసులు తెరిచి ఉన్న రోజుల్లో లెక్కించాలి. గొడవలు ఎక్కువగా వచ్చేది కార్లతో కాదు, తెల్లవారుజామున వచ్చే సరుకుల లారీతో, చెత్త బండితో, ఏసీ యంత్రాల హోరుతో. లోడింగ్ ఇళ్ల వైపు ఉండకూడదని, ఫలానా గంటల మధ్యే జరగాలని రాయించండి. వాన నీరు ఎటు పోతుందో కూడా అడగండి. స్కూలు మైదానం నీటిని పీల్చుకుంటుంది, కాంక్రీటు పీల్చుకోదు.

ఏం అడగవచ్చు, ఏం అడగకూడదు

జోన్ మారితే యజమాని భూమి విలువ పెరుగుతుంది. అందులో కొంత మీకు రావాలనుకోవడం న్యాయమే. కానీ అడిగేది ఈ కట్టడం వల్ల వచ్చే భారానికి సంబంధించినదై ఉండాలి. గేటు దగ్గర మలుపు వెడల్పు, ఫుట్‌పాత్, వీధి దీపాలు, డ్రైనేజీ, పిల్లల స్థలం, ఇవి అడగండి. క్లబ్‌హౌస్‌కు రంగులు, అసోసియేషన్‌కు విరాళం అడగకండి. అలాంటివి చట్టం ముందు నిలవవు, పైగా కమిటీ మీద మిగతా ఇళ్లవాళ్ల నమ్మకం పోతుంది. ఒకసారి అది పోయాక ఎంత మంచి ఒప్పందం తెచ్చినా ఎవరూ ఓటు వేయరు.

ఎంతకాలం పడుతుందని అడిగారు. దరఖాస్తు, పబ్లిక్ నోటీసు, అభ్యంతరాలు, హియరింగ్, తుది ఉత్తర్వు, ఆ తర్వాత బిల్డింగ్ అనుమతులు. నా అనుభవంలో ఆరు నెలల లోపు ఏదీ పూర్తికాలేదు. నివాసితులు రెండు వర్గాలుగా చీలినచోట రెండేళ్లు దాటింది. యజమానికి ఈ మాట చెప్పండి. మీతో ముందే కూర్చుని షరతులు తేల్చుకుంటే ఆయనకే సమయం కలిసివస్తుంది. నేను పనిచేసిన ఒకచోట యజమాని తొమ్మిది మీటింగులు పెట్టాడు. రెండంతస్తులకు తగ్గాడు, లోడింగ్ దారి మార్చాడు, ఇళ్ల వైపు పది మీటర్లు చెట్లకు వదిలాడు. హియరింగ్‌లో ఒక్క అభ్యంతరం కూడా రాలేదు. మొదటి మీటింగులో అందరికన్నా గట్టిగా గొడవపడిన పెద్దాయనే అక్కడి మందుల షాపుకు ఇప్పుడు రోజూ నడిచి వెళ్తున్నారు.

ఇప్పుడు వెంటనే చేయాల్సింది ఒకటుంది. నోటీసు వచ్చిందా, అభ్యంతరాలకు చివరి తేదీ ఎప్పుడు అని రేపే కనుక్కోండి. ఒప్పందం ఇంకా రాతలోకి రాకుండానే ఆ తేదీ దగ్గరపడితే కమిటీ తరఫున రాతపూర్వకంగా అభ్యంతరం వేయండి. "ఈ షరతులు చేరిస్తే మాకు సమ్మతమే" అని అందులోనే రాయవచ్చు, షరతులు కుదిరాక వెనక్కి తీసుకోవచ్చు. గడువులోపు ఏమీ రాయకపోతే మాత్రం చాలాచోట్ల తర్వాత అప్పీలు చేసుకునే అవకాశం కూడా పోతుంది. అభ్యంతర పత్రానికి సేల్ డీడ్‌లో స్థలాల వాడకం గురించిన వాక్యం ఉంటే ఆ పేజీ, ఆమోదించిన ప్లాన్ కాపీ, పిల్లల లెక్క జత చేసి, అందినట్టు ముద్ర వేయించుకోండి. డీడ్‌లో ఆ వాక్యం ఎలా ఉందో, పేర్లూ నంబర్లూ తీసేసి ఇక్కడ పెడితే చదివి నాకు తెలిసింది చెబుతాను.